జీడివలస దోమల పరువు

జీడివలస, అచ్యుతాపురం దగ్గర
1984 జులై, వానలు మొదలైన వారం

మహారాజశ్రీ బావ శ్రీరామ్మూర్తికి నమస్కరించి వరహాలు రాస్తున్నది. ఇక్కడ మనుషులం క్షేమం. దోమలు మాకంటే క్షేమం. గాజువాకలో నువ్వూ మా చెల్లెలు కాశమ్మా బాగున్నారని తలుస్తాను.

సంగతేమిటంటే, మా పైడితల్లికి ఇప్పుడు ఐదో నెల. ఏడో నెలలో పురిటికి తెచ్చుకోవాలి కదా. మొన్న కూర్మన్నపాలెం వెళ్లి వియ్యపురాలు మంగాయమ్మగారి దగ్గర ఆ మాట కదిపాను. ఆవిడది గోదావరి పక్క. ముందు కాఫీ ఇచ్చి, తర్వాత చురక పెట్టడం ఆవిడ పద్ధతి. "అన్నయ్యగారూ, మీ ఊరంటే మాకు గౌరవమేనండి. మీ ఊరి దోమలంటేనే భయమండి. కడుపుతో ఉన్న పిల్లని తీసుకెళ్లి ఆ జ్వరాల్లో పడేస్తానంటారేంటండీ?" అంది. అల్లుడు ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట పెద్ద పెద్ద క్రేన్లు నడుపుతాడు గానీ ఇంట్లో నోరు మెదపడు.

తల్లి లేని పిల్ల బావా. వాళ్ల నాయనమ్మే పెంచింది. పురుడు కూడా పుట్టింట్లో జరగకపోతే నేను బతికుండి ఏం లాభం? నువ్వు పనిచేసేది దోమల ఆఫీసులోనే కాబట్టి, మందు కొట్టేవాళ్లను తొందరగా పంపి మా ఊరి దోమల్ని తుడిచిపెట్టించు. ఆ మాట నువ్వే వెళ్లి మంగాయమ్మగారి చెవిలో వెయ్యి.

ఇట్లు,
నీ బావ వరహాలు

తా.క.: నువ్వు ఆ ఆఫీసులో ఏం చేస్తావని ఊళ్లో అడుగుతున్నారు. దోమల్ని పెంచుతావని కొందరు, చంపుతావని కొందరు. నేను అందరికీ అవునన్నాను.

*

గాజువాక

బావకి శ్రీరామ్మూర్తి నమస్కారాలు. మేం కులాసా. కాశమ్మ నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చి, కాసేపు వియ్యపురాలిని తిట్టి, ఇప్పుడు వంట చేస్తోంది.

నేను దోమల్ని పెంచుతాను కూడా, చంపుతాను కూడా. నువ్వు చెప్పింది నిజమే. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు. మందు కొట్టగానే దోమలన్నీ చస్తాయనుకోకు. వందలో ఏ నాలుగో మొండివి మిగులుతాయి. వాటికి పుట్టినవీ మొండివే. మళ్లీ అదే మందు కొడితే మెత్తవి చస్తాయి, మొండివి పిల్లలు పెడతాయి. అలా ఏళ్ల తరబడి కొట్టినచోట డి.డి.టి. గోడమీద పౌడరు రాసుకున్నట్టు కూర్చుంటాయి దోమలు. అందుకని మా ఆఫీసరుగారు ఏ ఊరికైనా ముందు ఆ ఊరి దోమల్ని తెప్పించి, మందు పట్టించిన కాగితం చుట్టిన గొట్టంలో ఒక గంట ఉంచుతారు. మర్నాటికి ఎన్ని చచ్చాయో చూసి, ఆ ఊరికి ఏ మందు కొట్టాలో చెబుతారు.

కాబట్టి నాకు మీ ఊరి దోమలు ప్రాణంతో కావాలి. బస్సు కండక్టరు అబ్బులు చేతికి గాజుగొట్టం, దానికి తగిలించిన రబ్బరు గొట్టం ఇచ్చి పంపుతున్నాను. తెల్లారుతూనే పశువుల సాలలోకి వెళ్లు. గోడమీద తల కిందికి, తోక పైకి ఎత్తి ఏటవాలుగా కూర్చున్నవే మనకు కావలసినవి. గాజు చివర దోమ మీద పెట్టి, రబ్బరు చివర నోట్లో పెట్టుకుని సర్రున పీల్చు. గ్లాసులో వదిలి, పైన పల్చటి గుడ్డ కట్టి, తడి తువ్వాలు చుట్టి అబ్బులుకివ్వు. ఆడదోమలే కావాలి. కుట్టేవి అవే.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: రెండు గొట్టాలు కలిసేచోట చిన్న వలగుడ్డ ఉంటుంది. దాన్ని మాత్రం తీయొద్దు. తీసినవాళ్లకు ఆ పూట ఫలహారం అక్కర్లేదు.

*

జీడివలస

బావ శ్రీరామ్మూర్తికి వరహాలు రాసేది. నేను తప్ప అందరూ క్షేమం.

నీ దోమలు పట్టాను. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. పక్కూరి ప్రెసిడెంటు వీర్రాజు కూడా వచ్చాడు. వాడి సంగతి నీకు తెలుసు. మా ఊళ్లో పిల్లి పిల్లల్ని పెడితే వాడి ఊళ్లో రెండు పిల్లులు పెట్టాలి. "మా ఊరి దోమల్ని కూడా తీసికెల్లు. ఎవులి దోమలు గట్టివో తేలిపోద్ది" అని తనూ ఒక గ్లాసు తయారుచేశాడు. సరే, రెండూ పంపుతున్నాను. ఎర్ర తువ్వాలు మాది, పచ్చ తువ్వాలు వాడిది. కలిపెయ్యకు.

గట్టివేవో తేలగానే రాయి. పైడిని తెచ్చుకునే సంగతి మరిచిపోకు.

ఇట్లు,
వరహాలు

తా.క.: వలగుడ్డ తీయొద్దని ఉత్తరం చివర్న రాశావు. చివరిదాకా చదివేవాడైతే మీ బావ ఎప్పుడో కలెక్టరయ్యేవాడు. ముఖ్యమైన మాటలు పైన రాయి.

*

గాజువాక

బావకి నమస్కారాలు. ముఖ్యమైన మాట పైనే రాస్తున్నాను. శుభవార్త. మీ ఊరి దోమలన్నీ చచ్చిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. వీర్రాజుగారి దోమల్లో మూడొంతులు బతికాయి.

మా ఆఫీసరుగారు ఆశ్చర్యపోయారు. డి.డి.టి. కాగితం చూడగానే ఇంత మర్యాదగా చచ్చే దోమలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయా అన్నారు. కారణం నేను చెప్పాను. మందు కొట్టేవాళ్లు మీ ఊరు ఎన్నిసార్లు వచ్చినా, మా అత్తగారు, అదే మీ అమ్మ, ఆ సాయంత్రమే ఎర్రమట్టి కలిపి గోడలు అలికేస్తుంది కదా. ఆవిడను చూసి ఊళ్లో ఆడవాళ్లందరూ అలికేస్తారు. "నా గోడమీద ఈ తెల్ల మచ్చలేటిరా, బొల్లి వొచ్చినట్టు" అని ఆవిడ నాతోనే అంది. మందు మట్టి కిందికి పోయింది, దోమలకు తగల్లేదు. మందు తగలని దోమలకు మొండితనం ఎలా వస్తుంది? వీర్రాజుగారేమో మందు ఎప్పుడొచ్చినా దగ్గరుండి కొట్టించాడు. పైగా పొలాల్లో కూడా ఆ మందులే. మెత్తవి ఎప్పుడో పోయాయి.

మీ ఊరికి మామూలు డి.డి.టి. సరిపోతుంది. ఒక్కసారి కొట్టి, మా అత్తగారి చేతికి మట్టి అందకుండా చూసుకుంటే చాలు. పైడి నిశ్చింతగా రావచ్చు. మంగాయమ్మగారితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: వీర్రాజుగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. బాధపడతాడేమో.

*

జీడివలస

శ్రీరామ్మూర్తిగారికి,

క్షేమం గురించి రాసే ఓపిక లేదు. నువ్వు నాకు చెల్లెలి మొగుడివా, వీర్రాజుకా?

నీ ఉత్తరం కిళ్లీకొట్టు దగ్గర అందరిముందూ విప్పి పైనుంచే చదివాను. మా దోమలన్నీ చచ్చాయట, వాడివి బతికాయట. దాన్ని శుభవార్త అన్నావు. వీర్రాజు మీసం దువ్వుకుని, "ఏటి వరహాలు బావ, మీ ఊరి దోమలకి మందు సూపిత్తేనే సొమ్మసిల్లిపోతన్నాయట. ఏటి పెడతన్నారు, గంజినీల్లా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఈ ఊరి రక్తం తాగి పెరిగిన దోమలు బావా అవి. వాటిని అంటే మమ్మల్ని అన్నట్టు కాదా?

నేను ఒప్పుకోను. మావి అంత దూరం బస్సులో వచ్చాయి. అబ్బులు గ్లాసును ఇంజను పక్కన పెట్టి ఉంటాడు. వీర్రాజు వాడికి టీ తాగించాడని ఇక్కడ అనుకుంటున్నారు. మళ్లీ పరీక్ష పెట్టు. ఎర్ర తువ్వాలు చుట్టిన గ్లాసు ఇంకొకటి నిన్ననే పంపాను. ఈసారివి గట్టివి. ఆ పూచీ నాది.

నిన్న పైడిని చూడటానికి కూర్మన్నపాలెం వెళ్లాను. చేతివాటం తప్పకుండా ఉంటుందని గొట్టం కూడా సంచిలో పట్టుకెళ్లాను. వీధిగదిలో గోడ దగ్గర నిలబడి కాస్త సాధన చేస్తుంటే మంగాయమ్మగారు వచ్చి చూసింది. "ఇదేంటండీ అన్నయ్యగారూ, మా గోడకి గొట్టం పెట్టి పీలుస్తున్నారేంటండీ?" అంది. ఆయాసానికి డాక్టరు రాశాడన్నాను. పైడి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్ల కాస్త వాడినట్టుంది. నీరసమట.

ఇట్లు,
జీడివలస వరహాలు

తా.క.: ఆ గ్లాసు నేనే కూర్మన్నపాలెం జంక్షన్‌లో అబ్బులు చేతికిచ్చాను. దారి తగ్గితే దోమలకు అలసట తగ్గుతుందని.

*

గాజువాక

బావకి నమస్కారాలు. ముఖ్యమైన మాట పైనే రాస్తున్నాను. ఈసారి ఒక్క దోమా చావలేదు.

మాకేమీ అర్థం కావడం లేదు. ముందు కాగితం పాడైందేమో అనుకున్నాం. కొత్త కాగితం పెట్టాం. అందులోనూ బతికాయి. ఒకటి గొట్టంలోంచి తప్పించుకుని ఆఫీసరుగారి మెడమీద కుట్టింది. పదిహేను రోజుల కింద అన్నీ చచ్చిన ఊళ్లో ఇప్పుడు అన్నీ బతకడం ఏ పుస్తకంలోనూ లేదని ఆయన అన్నం మానేసి కూర్చున్నారు. నేను గ్లాసులు తారుమారు చేశానని ఆయనకు అనుమానం. అదే నిజమని తేలితే నన్ను పాడేరు కొండల్లోకి బదిలీ చేస్తారు. కాశమ్మకు చలి పడదు.

అసలు తంటా ఇంకొకటుంది. జీడివలసను ఎర్రగీత ఊళ్లలో చేర్చారు. అంటే మొండి దోమల ఊరన్నమాట. డి.డి.టి. బదులు మలాథియాన్ మందు వస్తోంది. ఆ కంపుకి పశువులు కూడా ముక్కు మూసుకుంటాయి. ఈ కబురు ఉక్కు కాలనీ ఆఫీసుకు వెళ్లింది. అక్కడినుంచి మీ అల్లుడికి, అతని నుంచి మంగాయమ్మగారికి చేరింది. నిన్న ఆవిడే మా ఇంటికి వచ్చి, "చూశారాండీ, నేను ముందే చెప్పాను. పిల్లని పంపే మాటే లేదండి. పురుడు మా ఇంట్లోనే" అని తేల్చేసింది. మా ఆఫీసు కాగితమే ఆవిడ చేతిలో ఉంది.

బావా, బాగా ఆలోచించి చెప్పు. ఈ రెండో గ్లాసు దోమలు ఎక్కడ పట్టావు?

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: నీ ఆయాసానికి మంగాయమ్మగారు మిరియాల లేహ్యం చేసి ఇచ్చింది. ఆయాసం ఉన్న ఇంట్లో పురుడు పోయడం బిడ్డకు కూడా మంచిది కాదంది.

*

జీడివలస

మా బంగారు బావ శ్రీరామ్మూర్తికి వరహాలు వేయి దీవెనలతో రాసేది. ఇక్కడ అందరం దివ్యంగా ఉన్నాం.

ఒక్కటీ చావలేదన్న ముక్క చదవగానే ఉత్తరం జేబులో పెట్టుకుని కిళ్లీకొట్టుకి పరిగెత్తాను. నా డబ్బుతో అందరికీ పకోడీలు పెట్టించాను. వీర్రాజుకి ఒక పొట్లం కట్టి పంపించాను. వాడు పుచ్చుకోలేదు, తలుపేసుకుని పడుకున్నాడట. మా అమ్మ సన్యాసమ్మ మాత్రం, "దోమలు సావకపోతే పండగేటిరా? పిచ్చేటి నీకు?" అంది. ఆడవాళ్లకు పరువు సంగతులు తెలియవు.

ఇంక పైడిని తెచ్చే రోజు చూడమని పురోహితుడికి చెప్పాను. గోడలకు ఈసారి నేనే సున్నం వేయిస్తాను.

ఇట్లు,
నీ బావ వరహాలు

తా.క.: ఉత్తరం అంటించబోతూ జేబులోంచి నీది తీసి చిరునామా చూశాను. మిగతాది కూడా చదివాను. బావా, ఆ దోమలు మా ఊరివి కావు. మంగాయమ్మగారి వీధిగది గోడమీదివి. వీర్రాజు మీద గెలవాలని పట్నం దోమల్ని పట్టి పంపాను. తిని బలిశాయి కదా, గట్టిగా ఉంటాయనుకున్నాను. అవి మొండివైతే నాకేం ఫర్వాలేదనుకున్నాను. బావా, పైడి పడుకునేది ఆ గదిలోనే. పిల్ల మొన్న నీరసంగా ఉంది. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, అబ్బులు చేతికే ఇస్తున్నాను. నువ్వు అన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్లు.

*

గాజువాక

బావకి. కంగారు పడకుండా చదువు. పైడి బాగానే ఉంది.

నీ ఉత్తరం నువ్వు పంపిన మధ్యాహ్నమే అందింది. అబ్బులు బస్సును ఆఫీసు ముందే ఆపేసి నా చేతికిచ్చాడు. నేనూ కాశమ్మా వెంటనే వెళ్లాం. పిల్లకు రెండు రోజులుగా సాయంత్రం చలి, వణుకు, జ్వరం. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేనని మంగాయమ్మగారు దుప్పట్లు కప్పుతోంది. వేలిమీద రక్తం తీసి పరీక్ష చేయించాను. మలేరియానే. డాక్టరమ్మ చూసి, కడుపుతో ఉన్నా వాడదగ్గ మాత్రలిచ్చింది. మూడోనాటికి జ్వరం దిగింది. బిడ్డ తన్నుతున్నాడని పైడే చెప్పింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో అని డాక్టరమ్మ అన్న మాట కాశమ్మకు ఇంకా నిద్ర పట్టనివ్వడం లేదు. నీ పిచ్చి పంతం లేకపోతే ఆ గది దోమల్ని ఎవరం పరీక్ష చేసేవాళ్లం కాదు. నిన్ను తిట్టాలో దండం పెట్టాలో నాకు తెలియడం లేదు.

ఆఫీసరుగారికి జరిగింది చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుని, నాలుగోసారి నవ్వారు. జీడివలస ఎర్రగీత కొట్టేశారు. కూర్మన్నపాలెంలో ఆ వీధికి పెట్టారు. అక్కడి దోమల్ని మలాథియాన్ కాగితంలో కూడా పెట్టి చూశాం. సగం మిగిలాయి. కట్టడం పనులకు నాలుగు దిక్కుల జనం వచ్చి, ప్రతివాళ్లూ ఏదో ఒక మందు కొట్టి కొట్టి వాటిని అలా రాటుదేల్చారు. ఢిల్లీకి కొత్త మందు కోసం రాశారు. అది వచ్చేలోగా ఉన్నదే కొడతారు.

ఇక మిగిలింది మంగాయమ్మగారు. మొండి దోమలు మీ ఇంట్లోవేనని ఎలా చెప్పడం? చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మా ఇంట్లో దోమలేంటండీ? ఆ రోజు అన్నయ్యగారు మా గోడకి గొట్టం పెట్టడం నా కళ్లారా చూశానండి. ఆయన పీల్చలేదండి, ఊదారు. వాళ్ల ఊరి దోమల్ని తెచ్చి మా గోడకి వదిలారండి" అంటోంది. వీధి మొత్తం ఆ మాటే నమ్ముతోంది. నువ్వు బండి తీసుకుని రా. గొట్టం మాత్రం తేవొద్దు.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క.: లేహ్యం తిన్నావా అని ఆవిడ అడిగింది. కోపం కోపమే, వైద్యం వైద్యమేనట.

*

జీడివలస
భాద్రపదం, వాన వెలిసిన రోజు

చిరంజీవి సౌభాగ్యవతి కాశమ్మకు దీవెనలు, బావ శ్రీరామ్మూర్తికి నమస్కారాలు. నీ ఉత్తరం చివరిదాకా చదివి, రెండోసారి మళ్లీ చివరిదాకా చదివి వెళ్లాను.

పైడి ఇప్పుడు ఇంట్లో ఉంది. చిక్కిపోయింది గానీ మాగాయ కలుపుకుని రెండు పూటలా తింటోంది. పిల్ల గుమ్మంలో కాలు పెట్టినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఊరంతా చూసినా సిగ్గేయలేదు. వీర్రాజు జున్నుపాలు పంపాడు. దోమల మాట ఎత్తలేదు.

మీవాళ్లు వచ్చి మామూలు డి.డి.టి. కొట్టి వెళ్లారు. దోమలు చెప్పినట్టే చచ్చాయి. ఇప్పుడు నాకు వాటిమీద కోపం లేదు. చావాల్సినప్పుడు చావడం కూడా ఒక మర్యాదే.

నేను వెళ్లిన రోజే కూర్మన్నపాలెంలో ఆ వీధికి మలాథియాన్ కొట్టారు. ఆ కంపులో అన్నం కూడా దిగదు. పైడి సంచి బండిలో పెడుతుంటే దాని పక్కన ఇంకో ట్రంకుపెట్టె కనిపించింది. అది మంగాయమ్మగారిది. "తల్లి లేని పిల్లండి. మీరు దోమలు ఊదుకుంటూ కూర్చుంటే దాన్ని ఎవరు చూస్తారండీ? పురుడయ్యేదాకా నేనూ వస్తున్నానండి" అని ముందు ఎక్కి కూర్చుంది. అల్లుడు చెయ్యి ఊపాడు. ఆ కుర్రాడి ముఖంలో అంత వెలుగు పెళ్లినాడు కూడా నేను చూడలేదు.

ఇప్పుడు మా అమ్మ మట్టి కలిపినప్పుడల్లా మంగాయమ్మగారు గోడకు అడ్డంగా నిలబడుతోంది. "నా ఇంటికొచ్చి నా గోడ ముట్టుకోవద్దంటాదేటి?" అని అమ్మ, "మందు మీద మట్టేంటండీ పెద్దమ్మగారూ" అని ఆవిడ. నన్ను తీర్పు చెప్పమంటారు. నేను పొలం పోతున్నాను. నా కాఫీ, నా చుట్ట, నా పడక అన్నీ ఆవిడ చెప్పిన చోటికి మారాయి. రోజుకి రెండు పూటలా లేహ్యం తింటున్నాను. లేని ఆయాసం తగ్గిందట.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మొన్న మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే ఆవిడ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. చెయ్యి నొప్పెడితే చెయ్యి మారుస్తోంది గానీ ఆపలేదు. నేను చూసి చప్పుడు చేయకుండా వచ్చేశాను. ఆ పూట నుంచి ఆవిడను మనసులో కూడా తిట్టుకోవడం మానేశాను. కష్టంగానే ఉంది.

పురుడయ్యాక ఎప్పుడు వెళతారని నిన్న మర్యాదగా అడిగాను. "ఆ మొండి దోమలున్న ఇంటికి పసిగుడ్డుని తీసుకెళ్లమంటారేంటండీ? మా వీధిలో దోమలు చచ్చాయని మీ బావగారి ఆఫీసు వాళ్లు రాసిచ్చిన రోజు వెళతామండి" అంది. బావా, ఢిల్లీ మందు ఎప్పుడొస్తుంది? ఆఫీసరుగారికి నేను దండం పెట్టానని చెప్పి, దాన్ని తొందరగా పంపించమని రాయించు.

ఇట్లు,
నీ బావ వరహాలు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుంటే పైడి భుజం మీదుగా చూసి, మందు తొందరగా పంపమన్న ముక్క కొట్టెయ్యమంటోంది. "తొందరేటీ నేదని రాయి నాన్నా. మా అత్త ఇంత మంచిదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. అక్కడ పనితో సరిపోయేది, ఇక్కడ నా పక్కన కూకుంటాది" అంది. నేను కొట్టెయ్యలేదు, ఉంచనూ లేదు. మందు పంపమనీ రాశాను, పంపొద్దనీ రాశాను. ఆఫీసరుగారు ఏది చేసినా నేను ఏడవడం ఖాయం.